ఏమీ జరగని కథ: ఒక ఆత్మవిమర్శ

మా పట్టణ శాఖ నెలవారీ సమావేశంలో ఒక అమ్మాయి కథ చదివింది. ఆమె బట్టల దుకాణంలో చీరల సెక్షన్‌లో పనిచేస్తుంది. ఆ సాయంత్రం కోసం ఒక రోజు జీతం వదులుకుని సెలవు పెట్టుకుంది. అంతకుముందు రెండు కవితలు వినిపించింది గాని కథ అదే మొదటిది. దానిమీద చర్చ ప్రారంభించే బాధ్యత నాకు అప్పగించారు. ఆ రోజు నేను చేసిన విమర్శ తప్పు. ఒక్క కథ విషయంలో జరిగిన పొరపాటే అయితే ఆ అమ్మాయితో చెప్పి ఊరుకునేవాణ్ణి. మన విమర్శ పద్ధతిలోనే ఆ తప్పు ఉందని తోచడం వల్ల ఇది రాయవలసి వస్తున్నది.

కథ పన్నెండు పేజీలు. రాత్రి తొమ్మిదిన్నరకు దుకాణం షట్టరు సగం దించుతారు. బేరానికి విప్పిన చీరలన్నీ మడతలు పెట్టి సర్దేసరికి మరో పావుగంట. అక్కణ్ణించి ఇల్లు చేరేదాకా ఆ పనిపిల్ల తలలో నడిచేదే కథంతా. షేర్ ఆటోలో ముందే ఎక్కినవాళ్లెందరు, వాళ్లలో ఆడవాళ్లున్నారా, ఉన్నా తనకంటే ముందు దిగిపోతారా? బండి నంబరులో చివరి నాలుగంకెలు గుర్తుపెట్టుకోవాలి. అంచున కూర్చోవాలి, అన్నం డబ్బా సంచిని పక్కవాడికీ తనకూ మధ్య పెట్టుకోవాలి. చున్నీ కొసన పిన్నీసు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని, "ఆఁ అన్నా, సెంటరు దాటాం, రెండు నిమిషాల్లో వచ్చేస్తా" అంటుంది. ఫోనులో చార్జింగు ఎప్పుడో అయిపోయింది. దిగాక రెండు దారులు. దగ్గరి దారిలో మద్యం దుకాణం, దాని పక్కన పర్మిట్ రూము. చుట్టు దారిలో మూడు దీపాల్లో మధ్యది వెలగదు గాని, చివరన కిరాణా కొట్టు పది గంటల దాకా తెరిచి ఉంటుంది. కొట్టు మూసేలోపు అక్కడికి చేరాలి. పరిగెత్తితే ఎవరైనా గమనిస్తారు, నెమ్మదిగా నడిస్తే కొట్టు మూసేస్తారు. వీధి కుక్కలు తనను చూసి మొరగకపోవడం కూడా ఆమెకు ఒక లెక్కే. అవి వెనక్కి తిరిగి మొరిగితే కొత్తవాడెవడో వస్తున్నాడని అర్థం. చివరికి ఇల్లు చేరుతుంది. "ఇంత ఆలస్యమేం?" అని తల్లి అడిగితే, "స్టాకు వచ్చింది" అంటుంది. కథ అక్కడితో సరి.

నేను ఏమన్నానో చెబుతాను. కథలో సంఘటన లేదన్నాను. సంఘర్షణ లేకుండా కథ లేదన్నాను. మొదటి అంకంలో గోడకు తుపాకి తగిలిస్తే అది తర్వాత ఎప్పుడో ఒకప్పుడు పేలాలని చెహోవ్ చెప్పిన సూత్రం మనవాళ్లకు నోటికి వచ్చినదే. దాన్ని కూడా వాడాను. "పిన్నీసు చూపించావు, అది ఎవరికీ గుచ్చుకోలేదేం?" అని అడిగాను. నలుగురు నవ్వారు. ఇది మధ్యతరగతి భయాల చిట్టా మాత్రమేననీ, వ్యక్తిగతమైన ఆందోళనకు సామాజిక స్వభావం ఇవ్వలేకపోయిందనీ తేల్చాను.

ఆ అమ్మాయి, "ఏమీ జరగకుండా చూసుకోవడమే గద సార్ ఆ పిల్ల చేసేది" అంది. దానికి నేను జవాబు సిద్ధం చేసుకుంటుండగానే లేచి నిలబడింది. ఎనిమిదింపావు అయింది, బస్సు ఉంది. ఆమెతోపాటు సమావేశానికి వచ్చిన మరో ఇద్దరు స్త్రీలు కూడా లేచారు. చర్చ తొమ్మిదిన్నర దాకా సాగింది. స్త్రీల భయాల మీద జరిగిన ఆ చర్చలో చివరి గంటంబావు స్త్రీలెవరూ లేరు. "రచయిత్రులు చదివి వెళ్లిపోతారు గాని చర్చలో నిలబడరు" అని ఒక మిత్రుడు ఎప్పటి ఫిర్యాదే మళ్లీ చేశాడు. అందరం తల ఊపాం.

ఇప్పుడు అసలు విషయం. సంఘటన లేనిది కథ కాదనే సూత్రం మనం అందరికీ వర్తింపజేశామా? లేదు. రావిశాస్త్రిగారి 'అల్పజీవి' సంగతి చూడండి. సుబ్బయ్య భయం ఆ నవలకు ప్రాణం. బావమరిదంటే భయం, ఆఫీసంటే భయం, కాంట్రాక్టరు గవరయ్యంటే భయం. ఆ భయం తిరిగే మలుపులను, ఆ మనిషి లోపల్లోపల వేసుకునే లెక్కలను మనం చైతన్యస్రవంతి అన్నాం, మధ్యతరగతి మనస్తత్వాన్ని పొరలు పొరలుగా విప్పారని మెచ్చుకున్నాం. ఆ మెప్పు సబబే. నవీన్ 'అంపశయ్య' 1969లో వచ్చింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకునే రవి అనే కుర్రవాడి మనసులో గడిచిన ఒకే ఒక్క రోజు ఆ నవల. పెద్ద సంఘటన ఏదీ లేదని దాన్ని ఎవరమూ తోసిపుచ్చలేదు. సంఘటన లేకపోవడమే శిల్పమన్నాం. మగవాడి భయానికి లోతు ఉంటుంది, ఆడపిల్ల భయానికి చిట్టా ఉంటుంది! ఈ తేడా శిల్పసూత్రం నుంచి పుట్టిందని నేను ఇక ఎంతమాత్రం అనలేను.

రవి తిరిగిన ఆ ఆవరణలో, ఆ రోజే, ఒక విద్యార్థిని తిరిగి ఉంటే ఆమె ఆలోచనలు ఎలా నడిచేవి? రవి ఆకలి గురించీ, డబ్బు గురించీ, ప్రేమ గురించీ, చావు గురించీ ఆలోచించగలడు. ఆమెకు కూడా ఆకలి ఉంది, డబ్బు లేదు. కానీ ఏ ఆలోచన మొదలుపెట్టినా మధ్యలో వెనకాల చెప్పుల చప్పుడు వినిపిస్తే అది తెగుతుంది. తెగిన ఆలోచనను మళ్లీ అతికించుకోవాలి. ఆ తెగడం ఎవరి నవలలోనూ రాలేదు. 'అంపశయ్య' వెలువడిన ఐదేళ్లకు, 1974లో, హైదరాబాదులో ప్రగతిశీల మహిళా సంఘం ఏర్పడింది. అది మొదట చేపట్టిన సమస్యల్లో ఆడపిల్లలను వీధుల్లో అల్లరి పెట్టడం ఒకటి. అంటే మనం కథావస్తువుగా గుర్తించకముందే ఆ అమ్మాయిలు దాన్ని ఉద్యమ వస్తువుగా గుర్తించారు. ఎనభైల్లో జయప్రభ 'చూపులు' అనే కవిత రాసినప్పుడు, చూపు మీద ఏకంగా కవితా అని పెదవి విరిచినవాళ్లు మన వరుసల్లోనూ ఉన్నారు.

అలాగని ప్రగతిశీల సాహిత్యం స్త్రీలమీద జరిగే హింసను వదిలేసిందనడం అన్యాయం. దొరల గడీల మీద, జమీందారుల మీద, పోలీసు క్యాంపుల మీద మనవాళ్లు రాసినన్ని కథలు మరెవరూ రాయలేదు. అయితే ఆ కథల నడక గుర్తు తెచ్చుకోండి. కూలిపిల్లపై దొర అత్యాచారం చేస్తాడు. ఆమె తండ్రో, అన్నో, మొగుడో గొడ్డలి పడతాడు. ఊరు తిరగబడుతుంది. తిరుగుబాటుకు ఒక కారణం కావాలి గనుక అత్యాచారం కావలసి వచ్చింది. ముందురోజు ఆ పిల్ల ఏ దారిన పొలానికి వెళ్లాలని ఆలోచించిందో, ఏ దారి ఎందుకు మానుకుందో మన కథకు అక్కర్లేకపోయింది. మర్నాడు ఏం చేసిందో కూడా అక్కర్లేదు. చాలా కథల్లో ఆమె బావిలో దూకుతుంది, అది కథకుడికి సులువు. నేను కూడా అటువంటి కథలు రెండు రాశాను.

సమావేశంలో వచ్చిన ఒక వాదానికి ఇక్కడ సమాధానం చెప్పాలి. ఇదంతా పట్నపు ఉద్యోగినుల బెడద, శ్రమజీవి స్త్రీకి ఇటువంటి భయాలుండవు, ఆమె కొడవలి పట్టుకుని నడుస్తుంది అన్నాడు ఒక మిత్రుడు. వినడానికి బాగుంది. కానీ కలుపుకు పోయే ఆడవాళ్లు జట్లుగా ఎందుకు పోతారు? మరుగుదొడ్డి లేని ఇళ్ల ఆడవాళ్లు తెల్లవారకముందో చీకటిపడ్డాకో, అదీ ఇద్దరు ముగ్గురు కలిసి బయటికి పోతారు. పగలు మంచినీళ్లు తాగడం కూడా తగ్గించుకుంటారు. దాహాన్ని కూడా లెక్కలో వేసుకోవలసిన ఆ బతుకును మధ్యతరగతి బెడద అనగలమా? కొడవలి పట్టుకుని నడిచే స్త్రీ మన కథల అట్టమీద బొమ్మ. అట్ట లోపల ఆమె ఏమనుకుంటున్నదో మనం అడగలేదు.

భయానికి వర్గం ఉంది, కులం ఉంది. ఈ మాట ఒప్పుకుంటాను. అయితే నేను ఆ రోజు అన్న అర్థంలో కాదు. 1978లో హైదరాబాదులో రమీజాబీ రాత్రిపూట సినిమా చూసి తిరిగి వస్తున్నది. ఒంటరిగా లేదు, భర్త పక్కన ఉన్నాడు. పోలీసులు పట్టుకుపోయారు. ఆమెపై అత్యాచారం చేశారు, భర్త అహ్మద్ హుస్సేన్ దెబ్బలకు చనిపోయాడు. నగరం భగ్గుమంది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే నేరమని తేల్చినా, 1981లో రాయచూరు కోర్టు వాళ్లను విడిచిపెట్టింది. మగతోడు ఉండాలి, పోలీసులకు చెప్పాలి అనే రెండు జాగ్రత్తలూ ఆమె విషయంలో ఏమయ్యాయి? 2007లో విశాఖ మన్యంలోని వాకపల్లి ఆదివాసీ స్త్రీలు తమపై అత్యాచారం చేశారని ఆరోపించింది గ్రేహౌండ్స్ పోలీసుల మీదనే. 2023లో ఆ కేసులోనూ నిందితులు నిర్దోషులుగా బయటికి వచ్చారు. దర్యాప్తు సరిగా జరగలేదని కోర్టు అన్నది. గోగు శ్యామల 'రడం' కథలో దళిత బాలికకు ప్రమాదం ఊరవతలి చీకట్లో లేదు. ఆమెను జోగినిని చేయాలనే ఊరి పెద్దల మాటలో ఉంది. ఆమెకు క్షేమం ఊరు దాటిపోవడంలో ఉంది. తండ్రి ఆమెను బడికి చేర్చడానికి ఊరు దాటిస్తాడు. ఊళ్లోనే ఉండు, బయటికి పోకు అన్న పై కులాల ఇళ్ల జాగ్రత్త ఆ పిల్లకు ఉరితాడు అయి ఉండేది.

2019 నవంబర్ చివరి వారం మనందరికీ గుర్తుంది. 27వ తేదీ రాత్రి శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలిపై జరిగిన అత్యాచారం, హత్య దేశాన్ని కదిలించాయి. ఆమెను దిశ అన్నారు. అంతకు మూడు రోజుల ముందు, ఆసిఫాబాద్ జిల్లాలో ఊరూరా తిరిగి సరుకులు అమ్ముకునే ఒక దళిత స్త్రీకి అదే గతి పట్టింది. ఆమెను సమత అన్నారు. ఆమె కోసం అంత పెద్ద ఊరేగింపులు లేవు. దిశ హత్య తర్వాత పోలీసులు స్త్రీలకు జాగ్రత్తల జాబితా విడుదల చేశారు: ఎక్కడికి వెళ్తున్నదీ ఎప్పుడు వచ్చేదీ ఇంట్లో చెప్పండి, వెలుతురూ జనమూ ఉన్నచోట నిలబడండి, బండి నంబరు పంపండి. చెల్లెలికి ఫోన్ చేసే బదులు ఆమె పోలీసులకు చేసి ఉండవలసిందన్న మాట అధికారంలో ఉన్నవాళ్ల నోట వచ్చింది. ఫిర్యాదు తీసుకోవడంలో జాప్యం చేశారని ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేయవలసి వచ్చిందీ ఆ కేసులోనే. డిసెంబర్ 6న నలుగురు నిందితులను కాల్చి చంపారు. పోలీసుల మీద జనం పూలు చల్లారు. అది నిజమైన ఎదురుకాల్పులు కాదని సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికి వచ్చేనాటికి ఆ పూలు ఎప్పుడో వాడిపోయాయి.

ఆ జాబితాను ఇప్పుడు ఆ అమ్మాయి కథ పక్కన పెట్టి చదివాను. జాబితాలో ఉన్నవన్నీ కథలో ఉన్నాయి, ఇంకా చాలా ఉన్నాయి. ప్రభుత్వం కొత్తగా నేర్పింది ఏమీ లేదు. ఆమె పదేళ్ల వయసు నుంచీ చేస్తున్న పనికి సర్కారు ముద్ర వేసింది, అంతే. ఏదైనా జరిగితే జాబితాలో ఏ అంశం తప్పావని ఆమెనే అడగడానికి వీలైంది.

'పని' అనే మాట నేను కావాలనే వాడాను. ఇది భయం అనే మనోభావం మాత్రమే కాదు, శ్రమ. నిద్ర అనే మాటకు ఎదురుగా ఉన్న మెలకువే జాగ్రత్త. ఆఖరి బస్సులో చూడండి, రోజంతా కష్టపడ్డ మగవాళ్లు నోరు తెరుచుకుని నిద్రపోతుంటారు. రోజంతా నిలబడ్డ ఆడవాళ్లు నిద్రపోరు. వాళ్ల పని గంటలు ఇంకా అయిపోలేదు. ఆ శ్రమ ఫలం ఎవరికి పోతున్నది? కథలో ఒకచోట ఆ పిల్ల లెక్క వేసుకుంటుంది: షేర్ ఆటోకు 20 రూపాయలు, ఆటో తనొక్కతే కట్టించుకుంటే 100. కానీ ఒంటరి ఆటో మరీ ప్రమాదం. అంటే 80 రూపాయలు ఎక్కువ పెట్టినా క్షేమం దొరకదు. యజమాని రాత్రి తొమ్మిదిన్నర దాకా ఆమె చేత వ్యాపారం చేయించుకుంటాడు, ఇంటికి చేర్చే బాధ్యత మాత్రం ఆమె నరాల మీద పెడతాడు. మర్నాడు ఉదయం పదింటికి ఆమె క్షేమంగా దుకాణంలో నిలబడాలంటే రాత్రి ఆ ముప్పావు గంట శ్రమ జరిగి తీరాలి. దానికి జీతం లేదు. మార్క్సు పేరు తలవకుండా సమావేశం ముగించని మనకు, శ్రమశక్తి పునరుత్పత్తి గురించి ఉపన్యాసాలిచ్చే మనకు, అది కళ్లముందు చదువుతుంటే వినపడలేదు.

చట్టం దీన్ని రెండు రకాలుగా చూసింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షను సాయంత్రం 7 నుంచి ఉదయం 6 దాకా స్త్రీలను పనిలో పెట్టకూడదన్నది. రక్షణ పేరుతో రాత్రి కూలి పోయింది. 2025 నవంబర్‌లో అమల్లోకి తెచ్చిన కొత్త కోడ్ స్త్రీ సమ్మతిస్తే, కొన్ని షరతులతో, రాత్రి పని చేయించుకోవచ్చన్నది. ఇంట్లో పొయ్యి వెలగాలంటే సమ్మతించక ఏం చేస్తుంది? తలుపు మూయడం ఒక పద్ధతి, తలుపు తెరిచి దారిలో దీపం పెట్టకపోవడం ఇంకో పద్ధతి.

ఇంతకంటే చిక్కుముడి మరొకటి ఉంది. ఆకు వచ్చి ముల్లు మీద పడ్డా, ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా ఆకుకే నష్టమని మన ఇళ్లలో సామెత. మనిషి చేసే నేరాన్ని ప్రకృతి ధర్మంగా మార్చేసే సామెత ఇది. ముల్లుకు బుద్ధి లేదు, నీతి లేదు, కాబట్టి శిక్షా లేదు. ఆకే తప్పుకోవాలి. తప్పుకుని ఎక్కడికి పోవాలి? ఇంట్లోకి. కానీ అత్యాచారం కేసుల్లో అత్యధిక భాగం నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్లేనని జాతీయ నేర రికార్డుల బ్యూరో నివేదికలు ఏటా చెబుతున్నాయి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కూడా భర్త బలాత్కారం అత్యాచారం కిందికి రాకుండా పాత మినహాయింపు అలాగే కొనసాగింది. ఆడపిల్లకు వీధిని చూపించి భయపెట్టే సమాజం ఇంటిని గురించి మాట్లాడదు. భయమంతా వీధికి అంటగడితే ఇల్లు పవిత్రంగా మిగులుతుంది గదా! అబ్బూరి ఛాయాదేవి 'బోన్‌సాయ్ బ్రతుకు' ఇక్కడ పనికొస్తుంది. తొట్టిలో పెంచిన మొక్కను గాలివాన వస్తే లోపల పెట్టాలి. వీధిలోని తురాయి చెట్టు అదే గాలికి తట్టుకుని నిలబడుతుంది, పదిమందికి నీడ కూడా ఇస్తుంది. మొక్క బలహీనమైనది గనుక తొట్టిలో పెట్టలేదు, తొట్టిలో పెట్టారు గనుక బలహీనమైంది. ఈ కథ మీద నాకున్న ఫిర్యాదు ఒకటే. తురాయి చెట్టుకు కూడా గొడ్డలి భయం ఉంటుంది. దాన్ని ఆ కథ అడగలేదు. దుకాణం పిల్ల కథ అడిగింది.

ఆ కథ చివర తల్లితో ఆ పిల్ల ఎందుకు అబద్ధం చెప్పింది? ఆ రోజు నేను దాన్ని ముగింపులో తేలిపోయిన వాక్యమన్నాను, పక్కన ఎర్ర సిరాతో గీత కూడా గీశాను. మళ్లీ చదివితే కథ మొత్తం ఆ వాక్యంలో ఉందనిపించింది. చుట్టు దారిన వచ్చానని చెబితే, ఎందుకని అడుగుతారు. ఎందుకో చెబితే, "అంత భయమైతే ఆ పని మానెయ్" అంటారు. భయం బయటపెడితే జీతం పోతుంది, దుకాణంలో నేర్చుకున్న మాటా మన్ననా పోతాయి, నెలకొకసారి సాహిత్య సమావేశం కూడా పోతుంది. అందుకని దారిలో అపరిచితుల నుంచి ఎంత జాగ్రత్తగా ఉంటుందో, ఇంట్లో తనవాళ్ల ప్రేమ నుంచి కూడా అంత జాగ్రత్తగా ఉంటుంది. సంఘర్షణ లేదన్నానే, అది ఇదే. గుచ్చుకోని పిన్నీసు గురించి నేను వేసిన హాస్యం గుర్తొస్తే ఇప్పుడు నా ముఖం నాకే చూడబుద్ధి కాదు.

కథలో లోపాలు లేవని కాదు. ఆటో డ్రైవరును పాత్రగా నిలబెట్టలేదు. అతనూ పొద్దస్తమానం కిరాయి కోసం తిరిగే శ్రామికుడే. ఆ పిల్లకు అతను ఒక నంబరు మాత్రమే కావడంలో ఒక విషాదం ఉంది, దాన్ని రచయిత్రి చూసి ఉండవలసింది. మధ్యలో రెండు పేజీలు ఒకే లయలో నడిచి విసుగు పుట్టిస్తాయి. ఈ మాటలు నేను ఆ రోజు చెప్పి ఉంటే అది విమర్శ అయ్యేది.

తర్వాత మేం సమావేశాన్ని ఆదివారం ఉదయానికి మార్చాం. స్త్రీలు పెరిగారు, చివరిదాకా ఉంటున్నారు. ఆ అమ్మాయి మాత్రం రావడం లేదు. ఆదివారం బట్టల దుకాణాలకు పెద్ద బేరాల రోజు, సెలవు ఇవ్వరు. పోయిన నెల నేనే దుకాణానికి వెళ్లాను. చీర కొనేవాడిలా కౌంటరు ముందు కూర్చుని మాట్లాడవలసి వచ్చింది, సూపర్‌వైజరు చూస్తున్నాడు గనుక. నా విమర్శ తప్పని చెప్పాను. ఆమె చీర విప్పి అంచు చూపిస్తూ విన్నది. కథను మన పత్రికకు పంపిస్తానంటే ఒప్పుకుంది గాని, పేరు వేయవద్దంది. దుకాణంలోవాళ్లు చదవరని ధైర్యం చెప్పబోయాను. "దుకాణం సంగతి కాదు సార్, మా అన్న చదువుతాడు" అంది.

నేను కొట్టేసిన పేరాలన్నీ తిరిగి చేర్చి కథను సంపాదకులకు పంపాను. రచయిత్రి పేరుండవలసిన చోట ఖాళీ వదిలాను.